ఒళ్ళు పట్టిన గేదె చేపదు



మా అమ్మమ్మది చీరాల పక్కనే పేరాల. ఇంటి వెనక కొట్టంలో ఒకటే పాడిగేదె ఉండేది. అమ్మమ్మ రాత్రి పత్తిగింజలు నానబోసి, తెల్లారగట్ల రుబ్బురోట్లో రుబ్బి, కుడితిలో కలిపి పెట్టేది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఎంత తింటే అన్ని పాలిస్తుందని నా లెక్క. ఓ రోజు ఆవిడ చూడకుండా రెండు రోజుల పిండీ ఒకేసారి తొట్టిలో పోసేశాను. గేదె ఇష్టంగానే తాగింది. సాయంత్రానికి కడుపుబ్బరం. రెండు పూటలు చెంబు అడుగు కూడా తడవలేదు. అమ్మమ్మ కొట్టలేదు, తిట్టలేదు. "ఒరే నాయనా, ఒళ్ళు పట్టిన గేదె చేపదురా. మేత పెట్టాల్సింది పాలకి, కొవ్వుకి కాదు" అంది.

తర్వాత నేను మైక్రోబయాలజీ చదివి, యాంటీబయాటిక్ మందులు తయారయ్యే చోట ఫెర్మెంటర్ల దగ్గర చాలా ఏళ్ళు షిఫ్టులు చేశాను. అక్కడ నేర్చుకున్న విద్యంతా ఆ ఒక్క మాటకి వ్యాఖ్యానమే అనిపిస్తుంది. యాంటీబయాటిక్ దిగుబడి ఎలా పెరిగింది, ఇంకా ఎలా పెంచుతారు అన్నదే ఈ పూట మన ముచ్చట.

యాంటీబయాటిక్ అంటే రసాయనాలు కలిపి చేసేదేనని చాలామంది అనుకుంటారు. కొన్ని అలా చేసేవే. కానీ పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, ఎరిత్రోమైసిన్ లాంటివి పాడి సరుకు. బూజో, మట్టిలో బతికే సూక్ష్మజీవో వాటిని ఇస్తుంది. మన పత్తి రైతులు నల్లమచ్చ తెగులుకి చిటికెడు కలిపి కొడుతూ వచ్చిన స్ట్రెప్టోసైక్లిన్ పొడి ఉంది చూశారూ, అందులో ఉన్న స్ట్రెప్టోమైసిన్ కూడా ఆ జాతిదే. లక్ష లీటర్లు, అంతకు మించీ పట్టే స్టీలు టాంకులో నీళ్ళు, చక్కెర, పిండి, లవణాలు పోసి, ఆవిరితో ఉడికించి, చల్లార్చి, అందులో సూక్ష్మజీవిని వదులుతారు. ఇడ్లీపిండి పులిసినట్టే అదీ పులుస్తుంది. ఇడ్లీపిండికి ఒక రాత్రి చాలు, దీనికి వారం కావాలి. పులిసిన ఆ రసాన్ని మేము బ్రాత్ అంటాం.

ఇందులో ఒక తిరకాసు ఉంది. సూక్ష్మజీవి పెరగడానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. తిండి పుష్కలంగా ఉన్నంతసేపూ అది ఒళ్ళు పెంచుకుంటుంది, పిల్లల్ని పెడుతుంది. తిండి కరువవుతున్న సూచన కనిపించాకే యాంటీబయాటిక్ చేసే పని మొదలుపెడుతుంది. అలాగని మరీ మాడ్చేస్తే చచ్చిపోతుంది. చావకూడదు, బలవకూడదు. ఆ సన్నటి గట్టు మీద దాన్ని రోజుల తరబడి నడిపించడమే ఫెర్మెంటేషన్ విద్య.

ఈ విద్య ఎక్కడ మొదలైందో ఒకసారి చూద్దాం. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ని కనిపెట్టిన సంగతి మనం బడి పుస్తకాల్లో చదువుకున్నదే. కానీ ఆయన బూజు ఇచ్చింది మిల్లీలీటరుకి ఒకటి రెండు యూనిట్లు. ఒక యూనిట్ అంటే 0.6 మైక్రోగ్రాములు. అంటే గ్రాము పెన్సిలిన్ కావాలంటే ఎనిమిది వందల నుంచి పదిహేడు వందల లీటర్ల దాకా రసం వడకట్టాలి. పదేళ్ళు దాటాక ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ అనే శాస్త్రవేత్తలు దాన్ని మందుగా మార్చడానికి దిగారు. యుద్ధకాలం, పాత్రల్లేవు. ఆస్పత్రి బెడ్‌పాన్లలో కూడా బూజు పెంచారు. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకి ఆ మందు ఇచ్చారు. జ్వరం దిగింది, ఆకలి పుట్టింది. మందు మాత్రం చాల్లేదు. అతని మూత్రంలోంచి పోయిన పెన్సిలిన్‌ని తిరిగి తీసి మళ్ళీ అతనికే ఎక్కించారు. అయినా చాలక ఆ మనిషి మార్చి నెలలో చనిపోయాడు. మందు పనిచేసింది, దిగుబడి లేక ప్రాణం పోయింది. దిగుబడి పెంచడం కంపెనీల లాభాల లెక్కేనని ఎవరన్నా అన్నప్పుడల్లా నాకు ఆ పోలీసే గుర్తొస్తాడు.

అదే ఏడాది జులైలో ఫ్లోరీ, హీట్లీ ఆ బూజు తీసుకుని అమెరికా వెళ్ళారు. ఇలినాయ్ రాష్ట్రంలో పియోరియా అనే ఊళ్ళో వ్యవసాయశాఖ పరిశోధనశాల ఉంది. చుట్టూ మొక్కజొన్న చేలు. మొక్కజొన్న నుంచి గంజిపిండి తీయగా మిగిలే నానబెట్టిన నీళ్ళని ఏం చేయాలో అక్కడివాళ్ళకి తోచేది కాదు. ఆండ్రూ మోయర్ అనే ఆయన ఆ నీళ్ళని బూజుకి పెట్టి చూశాడు. దిగుబడి దాదాపు పది రెట్లు పెరిగింది. మామూలు చక్కెర తీసి పాలచక్కెర పెట్టినా దిగుబడి పెరిగింది. ఎందుకో తెలుసా? పాలచక్కెరని బూజు గబగబా తినలేదు, మెల్లగా నములుతుంది. ఇదిగో, మా అమ్మమ్మ సూత్రం పియోరియాలో కూడా పనిచేసింది.

1943లో అదే ఊరి బజారులోంచి తెచ్చిన కుళ్ళిన కర్బూజా పండు మీద ఇంకా మేలైన బూజు దొరికింది. దాన్ని ఎక్స్ కిరణాలకీ, అతినీలలోహిత కిరణాలకీ గురిచేసి, వేలల్లో వచ్చిన పిల్ల బూజుల్లోంచి పాలెక్కువిచ్చేదాన్ని ఏరుకుంటూ పోయారు. 1944 మార్చి 1న ఫైజర్ కంపెనీ న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక పాత ఐసు ఫ్యాక్టరీని మార్చి, ఒక్కోటీ 28 వేల లీటర్లు పట్టే 14 టాంకులతో పని మొదలుపెట్టింది. అమెరికా మొత్తం మీద 1943లో తయారైన పెన్సిలిన్ 2,100 కోట్ల యూనిట్లు. 1945లో అది 6.8 లక్షల కోట్లు దాటింది. రెండేళ్ళలో మూడు వందల రెట్లు. ఇవాళ మంచి కార్ఖానాల్లో లీటరు బ్రాత్‌కి 50 గ్రాముల పెన్సిలిన్ తేలిగ్గా వస్తుంది. ఫ్లెమింగ్ నాటి దిగుబడితో పోలిస్తే కొన్ని పదుల వేల రెట్లు.

ఈ కథలో మనవాడు ఒకడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. స్ప్రూ అనే జబ్బు ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ముల్ని పొట్టన పెట్టుకుంటే చూసినవాడు. అమెరికా చేరి హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లే సంస్థకి వెళ్ళి పరిశోధనకి పెద్ద అయ్యాడు. ఆయన హయాంలోనే డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త ఎక్కడెక్కడి మట్టి నమూనాలో తెప్పించి జల్లెడ పట్టాడు. మిస్సోరీలో ఒక వ్యవసాయ క్షేత్రం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. అది ఇచ్చిన మందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దకొడుకు. 1948 జులైలో లోకానికి ప్రకటించారు. ఆగస్టు 8న సుబ్బారావు కన్నుమూశాడు. ఆయన పేరు మీద ఒక శిలీంధ్రం కూడా ఉంది, సుబ్బరోమైసిస్.

ఇంతవరకూ చాలామంది చెప్పేదే. నేను చెప్పదలచుకున్నది వేరే. ఆరియోమైసిన్ ఇచ్చే ఆ సూక్ష్మజీవికి ఒక గుణం ఉంది. రసంలో ఫాస్ఫేటు ఎక్కువుంటే అది మందు చేయదు, ఒళ్ళు పెంచుకుంటూ కూర్చుంటుంది. ఫాస్ఫేటు అడుగంటే వేళకి దారిలోకి వస్తుంది. కాబట్టి రసంలో ఫాస్ఫేటు ఎంతుందో కొలవాలి. ఎలా కొలుస్తారు? ఫాస్ఫరస్ ఉన్నకొద్దీ నీలం రంగు చిక్కబడే ఒక పరీక్ష ఉంది. దాని పేరు ఫిస్కె-సుబ్బారావ్ పద్ధతి, అచ్చయింది 1925లో. ఆ సుబ్బారావు ఈయనే. నేను కాలేజీ ల్యాబులో పరీక్షనాళికలు వెలుతురుకి పెట్టి ఆ నీలం ఛాయలు పోల్చుకున్నవాణ్ణి. ఆ పేరు మన భీమవరం ఆయనదని మాస్టారు చెప్పేదాకా తెలియదు. ఆరియోమైసిన్ పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే, దాని ఆకలి కొలిచే కొలబద్దని ఆయనే తయారుచేసి పెట్టాడన్నమాట.

ఇంకో చమత్కారం. మన చినగంజాం మడుల్లో పండే ఉప్పులో ఉండే క్లోరైడు నుంచి వచ్చే క్లోరినే ఆరియోమైసిన్ అణువులో ఒక ముక్క. క్లోరైడు దొరక్కుండా చేస్తే అదే సూక్ష్మజీవి ఆరియోమైసిన్ మానేసి మామూలు టెట్రాసైక్లిన్ ఇస్తుంది. మేతలో ఉప్పు మారిస్తే పాలే మారిపోతాయి.

సరే, ఇప్పుడు కార్ఖానాలోకి వద్దాం. దిగుబడి పెంచాలంటే పట్టించుకోవాల్సినవి నాలుగు. విత్తనం, మేత, ఊపిరి, శుభ్రం.

విత్తనం అంటే సూక్ష్మజీవి జాతి. పాత రోజుల్లో కిరణాలు కొట్టి, ఏరుకోవడం. ఇప్పుడు జన్యువులు చదివి మార్చడం. ఒక తమాషా ఏంటంటే, 2008లో పెన్సిలిన్ బూజు జన్యుపటం అచ్చయ్యేనాటికే, పాతకాలపు ఏరివేత ఏం సాధించిందో బయటపడింది. దిగుబడి ఎక్కువున్న జాతుల్లో పెన్సిలిన్ తయారుచేసే జన్యువుల గుత్తి ఒకటికి బదులు చాలా ప్రతులుగా పెరిగి ఉంది. పెద్దవాళ్ళు కారణం తెలియకుండానే మంచి గేదెని ఏరుకున్నట్టు, వీళ్ళూ ఏరుకున్నారు.

మేత సంగతి చెప్పాను. ఇప్పుడు పాలచక్కెర అక్కర్లేదు. గ్లూకోజునే బొట్టు బొట్టుగా వదులుతారు, సెలైన్ ఎక్కించినట్టు. మొదటి రెండు రోజులు కాస్త ధారాళంగా, ఒళ్ళు రావాలి గనక. ఆ తర్వాత చెయ్యి బిగిస్తారు. ఫినైల్ అసిటిక్ ఆమ్లం అని ఇంకొకటి కూడా పోయాలి, పెన్సిలిన్-జి అణువుకి అది తోక. తక్కువైతే సరుకు రాదు, ఎక్కువైతే బూజుకి విషం. అదీ బొట్టు బొట్టే. ఇక మాంసకృత్తుల కోసం వేరుశనగ పిండి, సోయా పిండి, పత్తిగింజల పిండి వాడతారు. పత్తిగింజలోని పప్పు భాగాన్ని మెత్తగా మరపట్టి ఫార్మామీడియా అనే పేరుతో అమెరికాలో అమ్ముతారు. అందులో సగానికి పైగా మాంసకృత్తులే. మెల్లగా కరుగుతుంది, మెల్లగా అందుతుంది, అదే దాని గొప్ప. ఆ బస్తా మొదటిసారి విప్పి చెయ్యి పెట్టినప్పుడు, నాకు కొట్టంలో రుబ్బురోలు వాసన కొట్టింది.

మూడోది ఊపిరి. నన్నడిగితే అన్నింటిలోకీ కష్టమైనది ఇదే. లీటరు నీళ్ళలో కరిగేది 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్. చిక్కగా పెరిగిన బూజుకి అది నిమిషం కూడా రాదు. గాలి క్షణం ఆగితే ఊపిరాడదు. పైగా బూజు దారాలు దారాలుగా అల్లుకుని రసాన్ని గంజిలా చేస్తుంది. మా వీధిలో నేతపనివాళ్ళు పడుగుకి గంజి పెట్టేముందు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూసేవాళ్ళు. జావలా ఉండాలి, ముద్ద కట్టకూడదు. నేనూ శాంపిల్ తీసి అలాగే బీకరు వంచి చూసేవాణ్ణి. చిక్కబడితే గాలి బుడగలు పెద్దవై, బుడుంగుమని పైకి పోతాయి, ఆక్సిజన్ రసంలోకి దిగదు. దిగాలంటే లోపలి పంకాలు ఇంకా జోరుగా తిప్పాలి. జోరు పెంచితే కరెంటు బిల్లు, బూజు దారాలు తెగడం, దానికి తోడు వేడి. ఎండాకాలంలో మన ప్రాంతంలో బయట 42 డిగ్రీలుంటే లోపల 25 డిగ్రీలు నిలపాలి. పెన్సిలిన్ ధరలో కరెంటు వాటా ఎందుకంత ఉంటుందో అర్థమైంది కదా. కరిగిన ఆక్సిజన్ 30 శాతం కంటే దిగితే దిగుబడి పడిపోతుంది. అందుకే రాత్రి షిఫ్టులో మా కళ్ళన్నీ తెర మీద ఆక్సిజన్ చూపే ఆ ఒక్క గీత మీదే.

నాలుగోది శుభ్రం. దీని గురించి ఒక రాత్రి సంగతి చెబుతాను. ఊరూ పేరూ అక్కర్లేదు. నాలుగోరోజు బ్యాచ్. రాత్రి రెండున్నరకి ఆక్సిజన్ గీత ఉన్నట్టుండి కిందికి జారింది. మేత పెంచామా అంటే లేదు. గాలి తగ్గిందా అంటే లేదు. శాంపిల్ తీసి మూత దగ్గర ముక్కు పెట్టాను. రోజూ వచ్చే బూజు వాసన కాదు, పుల్లగా, పాసిపోయిన కూర వాసన. మైక్రోస్కోపు కింద చూస్తే బూజు దారాల మధ్య సన్నటి కడ్డీల్లాంటి బ్యాక్టీరియా గిలగిలా ఈదుతున్నాయి. పెన్సిలిన్ మధ్యలో బ్యాక్టీరియా ఎలా బతికింది? పెన్సిలిన్‌ని ముక్కలు చేసే ఎంజైము ఉన్న రకం అది. ఆరుగంటల శాంపిల్‌కి సరుకు సగం మాయం. లక్ష లీటర్లు మళ్ళీ ఆవిరితో ఉడికించి పారబోశాం. తర్వాత వెతికితే, ఒక వాల్వులో రబ్బరు వాషరు వెంట్రుకవాసి చీలి ఉంది. ఆ వాషరు నా అరచేతిలో పట్టింది. కొత్త జాతులతో, కొత్త మేతలతో రెండు శాతం మూడు శాతం దిగుబడి పెంచడానికి నెలలు పడుతుంది. ఒక్క చీలిన వాషరు నూటికి నూరూ తీసుకుపోతుంది.

ఇవన్నీ గట్టెక్కి పాలు పితికాక కూడా పని అయిపోదు. పెన్సిలిన్‌ని రసంలోంచి విడదీయాలంటే రసాన్ని పుల్లగా చేసి బ్యూటైల్ అసిటేట్ అనే ద్రావకంలోకి లాగాలి. కానీ పులుపులో పెన్సిలిన్ నిమిషాల్లో విరిగిపోతుంది. అందుకని గడ్డకట్టేంత చల్లగా పెట్టి, గబగబా తీసేయాలి. వారం పాటు ఓపిక, చివర్లో పరుగు.

ఇక మన దేశం సంగతి. 1954లో పుణె దగ్గర పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ వచ్చింది. తర్వాత సోవియట్ సాయంతో ఐ.డి.పి.ఎల్. పెట్టినప్పుడు యాంటీబయాటిక్ కార్ఖానా హృషీకేశ్‌కి వెళ్ళింది, రసాయన మందుల కార్ఖానా హైదరాబాద్ బాలానగర్‌కి వచ్చింది. ఆ పంపకం మన తలరాత రాసింది. బాలానగర్‌లో పని నేర్చినవాళ్ళు బయటికొచ్చి కంపెనీలు పెట్టారు. గుంటూరు జిల్లా తాడేపల్లి నుంచి వెళ్ళిన కల్లం అంజిరెడ్డిగారు అలా వచ్చినవారే. తెలుగువాళ్ళు మందుల రసాయనశాస్త్రంలో ఆరితేరారు. కానీ పాడి మనది కాలేదు. పెన్సిలిన్-జి కొని తెచ్చి దాన్నుంచి అమాక్సిసిలిన్ లాంటివి చేయడంలో దిట్టలమయ్యాం. 1990ల తర్వాత చైనా నుంచి చవక సరుకు ముంచెత్తితే, దేశంలో ఉన్న పెన్సిలిన్ ఫెర్మెంటర్లు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి. పక్కింట్లో పాలు చవగ్గా దొరుకుతున్నాయని గేదెని అమ్మేసుకున్నట్టు.

2020లో కరోనా వచ్చి సరుకు రవాణా తడబడ్డాక కళ్ళు తెరిచాం. కేంద్రం ఉత్పత్తితో ముడిపెట్టిన ప్రోత్సాహక పథకం పెట్టింది. అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ కాకినాడ జిల్లా తొండంగి మండలంలో ఏడాదికి 15 వేల టన్నుల పెన్సిలిన్-జి చేయగల కార్ఖానా కట్టింది. 2024 అక్టోబర్ 29న ప్రధానమంత్రి ఢిల్లీ నుంచి దాన్ని ప్రారంభించారు. పాడి మళ్ళీ ఇంటికొచ్చింది, అదీ మన తీరానికి.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది ఆ కార్ఖానా అంకె కాదు, నేను వేస్తున్న కాకిలెక్క. లీటరుకి 50 గ్రాముల చొప్పున 15 వేల టన్నులు రావాలంటే ఏటా 30 కోట్ల లీటర్ల రసం కావాలి. అదే 60 గ్రాములు చేయగలిగితే 25 కోట్ల లీటర్లు చాలు. ఐదు కోట్ల లీటర్లు ఉడికించనక్కర్లేదు, చల్లార్చనక్కర్లేదు, గాలి కొట్టనక్కర్లేదు. అన్నింటికంటే ముఖ్యంగా, తర్వాత ఆ ఐదు కోట్ల లీటర్ల మురుగు శుద్ధి చేయనక్కర్లేదు. పది గ్రాముల తేడా ఇంత పని చేస్తుంది.

మురుగు మాట వచ్చింది గనక అదీ చెప్పాలి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు మురుగు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షించి అచ్చువేశారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. అది రసాయన పద్ధతిలో చేసే మందు, ఫెర్మెంటర్‌లో పుట్టేది కాదు. కానీ పాఠం రెండు రకాల మందులకీ ఒకటే. వాగులో కొద్దికొద్దిగా మందు తాగిన బ్యాక్టీరియా ఆ మందుకి మొండికేస్తుంది. మొండికేశాక, టాంకులో లీటరుకి ఎన్ని గ్రాములు తీస్తే ఏం లాభం?

వడకట్టాక మిగిలే బూజు పిప్పి చూస్తే తౌడుముద్దలా ఉంటుంది. మొదట్లో నాకు ఆశ పుట్టింది, పత్తిగింజ తిని పెరిగిందే కదా, గేదెలకి పెట్టొచ్చు కదా అని. పెట్టకూడదు. అందులో మిగిలిన యాంటీబయాటిక్ పేడలోకి, పేడలోంచి పొలంలోకి పోతుంది. ముందు దాన్ని విరగ్గొట్టాలి, ఆ ఖర్చు కూడా మందు ధరలో కట్టాలి. కట్టకుండా చవగ్గా అమ్మితే మిగతా బాకీ ఊరి చెరువు మీద పడుతుంది.

మా అమ్మమ్మ పాలచెంబు పక్కన పెట్టాక వెంటనే పని ముగించేది కాదు. దూడకి దాని వాటా వదిలేది, తొట్టి కడిగేది, పేడకళ్ళు ఎత్తి పిడకలు కొట్టేది. అవన్నీ అయ్యాకే "పాడి పనైంది" అనేది. పాలు పితకడం ఒక్కటే పాడి అని ఆవిడ ఏనాడూ అనుకోలేదు.